మూడుసార్లు ఊడిన స్క్రూ

సిరిసిల్లలో సాంచలు బాగుచేసే చంద్రయ్యకు ఒక మాట ఉంది. ముప్పై ఏళ్లుగా ఏ కార్ఖానాకు పిలిచినా, లోపల అడుగుపెడుతూనే ఆ మాట అంటాడు.

"ముందుగాల సాంచను సూడాలె. మనిషిని తర్వాత తిట్టచ్చు."

ఊరికే అనడు. మరమగ్గాన్నే అక్కడ సాంచ అంటారు. అది మొరాయించిన ప్రతిసారీ కార్ఖానా ఆసామి వేలు మొదట లేచేది దాని ముందు నిలబడిన పనివాడి మీదికే. పోగు తెగితే వాడు కునుకు తీశాడంటారు. గుడ్డలో మచ్చ పడితే వాడి చెయ్యి మంచిది కాదంటారు. చంద్రయ్య కింద పడుకుని పానా పెట్టి చూస్తే ఎక్కడో ఒక బోల్టు వదులై ఉంటుంది, లేదంటే పోగులు చుట్టిన బీము బిగువు హద్దు దాటి ఉంటుంది. "గింత గుంజితే పోగు దెగక ఏంజేస్తది? గుంజెటోనికి ఉండాలె బుద్ధి" అని ఆసామి మొహం మీదే అనేస్తాడు. ఆ నోటి దురుసు వల్ల కొన్ని కార్ఖానాల వాళ్లు అతన్ని పిలవడమే మానేశారు. పనివాళ్లు మాత్రం అతను కనబడితే బీడీ పక్కన పెట్టి లేచి నిలబడతారు.

అలాంటి మనిషి సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మింగేశాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు. అయినా చెప్పుకోవలసిందే.

బిడ్డ పేరు కళ్యాణి. డిగ్రీ రెండో ఏడు. చిన్నప్పటి నుంచీ పైపళ్లు ముందుకు ఉండేవి. నవ్వొస్తే ముందు చెయ్యి లేచేది, తర్వాత నవ్వు. తల్లి ఊర్మిల పుట్టిల్లు కోరుట్ల. అక్కడ నెలకొక ఆదివారం హైదరాబాదు నుంచి పళ్లు సరిచేసే డాక్టరు వస్తాడని మేనమామ వేణు చెప్తే, నిరుడు దసరా తర్వాత తీసుకుపోయి చూపించారు. డాక్టరు పైన కుడికొకటి ఎడమకొకటి రెండు మంచి పళ్లు పీకించాడు, తీగలు కట్టాడు. ఆ ఖాళీల్లోకి ముందుపళ్లను వెనక్కి లాగాలి. అయితే వెనక దంతాలకు కట్టి లాగితే అవి కూడా ముందుకు జరిగి వస్తాయట. అందుకని దవడ ఎముకలోకే వడ్లగింజంత స్క్రూ దించి, దానికి గొలుసు తగిలించి లాగుతానన్నాడు. పక్కకొకటి, మొత్తం రెండు.

ఆ మాట విని చంద్రయ్య మురిసిపోయాడు. గుంజ కదలకుండా ఉంటేనే కదా పశువు తాడుకు లొంగేది. "గిది మన పని లెక్కనే ఉన్నది" అని కార్ఖానాలో నలుగురికీ చెప్పుకున్నాడు. పెద్ద చదువు చదివిన మనిషి తన పానా భాష మాట్లాడాడని గొప్ప సంబరం. ఆ సంబరమే కొంప ముంచింది.

కుడివైపు స్క్రూ దించిన నాటి నుంచి రాయిలాగా కూర్చుంది. ఎడమవైపుది మూడు వారాలకు ఊడింది.

"బ్రష్ సరిగ్గా చెయ్యట్లేదు. చుట్టూ చిగురు వాచింది చూడు" అన్నాడు డాక్టరు. కళ్యాణి ఏదో చెప్పబోతే, నోరు తెరిచి ఉంచమన్నాడు. ఆ ఊడిన స్క్రూనే ఏదో ద్రావణంలో కడిగి, ఆ పాత రంధ్రంలోనే మళ్లీ బిగించాడు. అదే పూట గొలుసు తగిలించి గట్టిగా లాగి కట్టాడు. నెల దాకా రాడు కదా, నెలకు సరిపడా బిగువు ఒక్కపూటే పెట్టిపోవాలి. బయట ఇంకా ఇరవై మంది కూర్చుని ఉన్నారు.

చంద్రయ్య అక్కడే, కుర్చీకి రెండడుగుల దూరంలో నిలబడి ఇదంతా చూశాడు. మర పోయిన రంధ్రంలో అదే బోల్టును మళ్లీ తిప్పితే నిలవదని తన దగ్గర పని నేర్చుకునేవాళ్లకు వందసార్లు చెప్పిన మనిషి. ఆ రోజు నోరు విప్పలేదు. డాక్టరు చేతికి తెల్లటి తొడుగుంది, తన గోళ్లలో నల్లటి గ్రీసుంది. అంతే కారణం.

ఇంటికొచ్చాక మాత్రం ఆ నోరు బిడ్డ మీద బాగానే లేచింది. పొద్దున, రాత్రి దగ్గర నిలబడి పళ్లు తోమించాడు. పల్లీలు బంద్, సకినాలు బంద్, మక్కగారెలు బంద్. నెలరోజులు జావలాంటి గట్క, పప్పుచారే.

"పిల్ల దెబ్బకు సగమైంది. గా డాక్టరును ఒక్క మాటన్న అడిగినవా, ఎందుకు ఊడిందని?" అని ఊర్మిల అడిగింది.

"ఆయనకు దెల్వదా? నీకు నాకు దెలుస్తదా?" అని కసిరాడు.

రెండోసారి ఊడింది. ఈసారి డాక్టరు కొత్త నేరం కనిపెట్టాడు. నాలుకతో కదిలిస్తోందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తాను పెట్టింది నిలవకపోతే నోటిదే తప్పు. "ఇట్లయితే నాకు బాధ్యత లేదు" అని ఫైల్లో ఏదో రాసి, పిల్లతో సంతకం పెట్టించమన్నాడు. పిల్ల నిర్లక్ష్యం వల్లనే స్క్రూ ఊడిందని అందులో ఉంది.

"నేను కదిలియ్యలే బాపు. ఒట్టు" అంది కళ్యాణి.

వెయిటింగ్ హాల్లో పదిహేను మంది చూస్తున్నారు. చంద్రయ్యకు తల కొట్టేసినట్టయింది. "ఒట్లు వెడ్తున్నవా? సారుకు జెప్పు నాదే తప్పని. పెట్టు సంతకం" అన్నాడు. పిల్ల కాసేపు తండ్రి మొహం చూసింది. తర్వాత "సార్, నాదే తప్పు" అని సంతకం పెట్టింది. డాక్టరు తల కూడా ఎత్తలేదు. మళ్లీ అదే చోట బిగించాడు, మళ్లీ అదే పూట గుంజి కట్టాడు.

ఆ రోజు నుంచి కళ్యాణి తండ్రితో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, బ్రష్ ఇస్తే తోమేది. ఆసామి ముందు తల వంచుకున్న పనివాడు ఎలా ఉంటాడో అచ్చం అలాగే ఉంది. ముప్పై ఏళ్లుగా అలాంటి మొహాలు చూసినవాడికి సొంత ఇంట్లో ఆ మొహం కనబడలేదంటే, ఏమనాలి ఆ కళ్లను?

మూడోసారి ఊడాక వచ్చిన ఆదివారం నాడు డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి తేల్చేశాడు.

"చూడు చంద్రయ్యా, ఈ అమ్మాయి ఎముకే మెత్తది. స్క్రూ పట్టుకోదు. జగిత్యాలలో దవడ స్కాన్ తీస్తారు, తీసుకురా, నువ్వే చూద్దువు. వచ్చే నెల తీగలు తీసేస్తా. కేసు క్లోజ్."

"మరి గా పీకిన పండ్లు సార్? గా సందులు?"

"నేనేం చెయ్యను? సహకరించని పేషెంటు, మెత్తటి ఎముక. రెండూ కలిసినయి."

అంటే ముందుపళ్లు ముందుకే ఉంటాయి, రెండు మంచి పళ్లు పోయిన ఖాళీలు ఖాళీలుగానే ఉంటాయి. నవ్వితే ఇదివరకు ఒకటే దాచుకునేది, ఇకనుంచి రెండూ దాచుకోవాలి. కళ్యాణి ఏడవలేదు. ఊడిన స్క్రూను ఈసారి డాక్టరు చేతికి ఇవ్వకుండా కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుంది.

అప్పటికప్పుడే ఎక్కిన జగిత్యాల బస్సులో తండ్రీబిడ్డలు పక్కపక్కనే కూర్చున్నారు. ఆ దిక్కు ఎముకను బొక్క అంటారు. బొక్క మెత్తదన్న మాట చంద్రయ్య చెవిలో గిర్రున తిరుగుతోంది. కొంతసేపటికి కిటికీ బయటికి చూస్తూనే కళ్యాణి అడిగింది.

"బాపు, ఒక్క నోట్లె రెండు తీర్ల బొక్కలుంటయా?"

"ఏందది?"

"కుడిపక్క స్క్రూ ఇప్పటిదాంక కదల్లే. తోమింది గా బ్రష్‌తోనే, తిన్నది గా గట్కనే. నాలుక గూడ నాకు ఒక్కటే ఉన్నది. నా బొక్క మెత్తదైతే, నేను తోమకపోతే, గదెట్ల నిలవడ్డది?"

ఒకే నూలు, ఒకే పనివాడు, రెండు సాంచలు. ఒకదాని మీద గుడ్డ మంచిగా వస్తుంది, రెండోదాని మీద పోగు తెగుతుంది. తప్పు ఎక్కడుందో చెప్పడానికి మేస్త్రీ కూడా అక్కర్లేదు. మూడు నెలలుగా బిడ్డ నోట్లో సాక్ష్యం పెట్టుకుని తిరుగుతుంటే, తను పల్లీల డబ్బాకు తాళం వేసుకుంటూ కూర్చున్నాడు.

"గీ మాట నాకు ముందుగాల ఎందుకు జెప్పలే?" అని మెల్లగా అడిగాడు.

"నువ్వు ఇనెటట్టు ఉన్నవా?" అంది కళ్యాణి.

జగిత్యాలలో స్కాన్ తీసిన చోటే పక్కగదిలో పళ్ల డాక్టరమ్మ ఉంది. ప్రేమలత ఆమె పేరు. కంప్యూటరు మీద దవడ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ముందు కళ్యాణినే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. మూడు నెలల్లో ఆ పిల్లను ఎవరైనా అలా కూర్చోబెట్టి మాట్లాడడం అదే మొదలు.

"ఎడమపక్కది నమిలినప్పుడు నొప్పి లేస్తుండెనా?"

"లేస్తుండె మేడం. సారుకు జెప్పిన. స్క్రూ పెట్టినంక గట్లనే ఉంటది అన్నడు."

ప్రేమలత బొమ్మ మీద వేలు పెట్టింది. "గిదిగో, ఇది స్క్రూ దించిన రంధ్రం. గిది పంటి వేరు. రెండిటికి నడుమ ఎముక ఉండాలె. ఇక్కడ ఎముక లేదు, స్క్రూ పోయి వేరునే ఆనుకున్నది. నమిలినప్పుడల్లా పన్ను ఇంత పిసరు కదులుతది, వేరు స్క్రూను తోస్తది. రోజంతా తోస్తనే ఉంటె ఏది నిలుస్తది?"

"బొక్క మెత్తదంట గద మేడం" అన్నాడు చంద్రయ్య.

"ఎవలన్నరు? కొందరికి ఎముక పైపొర పలచగ ఉంటది, నిజమే. ఈమెకు రెండు దిక్కులా మంచిగ ఉన్నది. ఇంకోటి సూడున్రి. స్క్రూను చిగురు గట్టిగ ఉన్న జాగల పెట్టాలె. ఇది పైకి, బుగ్గ తోలు కదిలే జాగల పడ్డది. గక్కడ ఎంత తోమినా వాస్తది. దానికి తోడు అదే రంధ్రంల మల్ల మల్ల తిప్పితే ఏం పట్టుకుంటది? దించిన పూటనే గుంజొచ్చు, తప్పు లేదు. కని మెల్లగ గుంజాలె."

"అంటె నా బిడ్డది తప్పు లేదా?"

ప్రేమలత వెంటనే అవునని అనలేదు. ఆమె ఆ కోరుట్ల డాక్టరు లాంటి మనిషి కాదు. "తోమకపోయినా ఊడుతది, సిగరెట్లు తాగినా ఊడుతది. అన్ని మంచిగ చేసినా పదింట్ల ఒకటో రెండో ఊడుతయి, నా చేతుల గూడ ఊడినయి. ఊడుడు తప్పు కాదు. మొదలు నేను యాడ పెట్టిననో నేను సూసుకోవాలె. పేషెంటును అడుగుడు తర్వాత."

చంద్రయ్య ఆ మాటను గుర్తుపట్టాడు. తన మాటే అది. తన సొత్తని ముప్పై ఏళ్లు ఊరంతా చాటుకున్న మాట. దాన్ని ఇంట్లో ఒక్కపూట కూడా వాడుకోలేదు.

"వేరుకు చిన్న గీత పడ్డది, మానుతది. ఇంకో జాగల కొత్త స్క్రూ పెట్టి ఖాళీలు మూస్త" అంది ప్రేమలత. "కాకపోతే మొదటి ఎక్స్‌రేలు, ఎప్పుడు ఏం చేసిండ్రో రాసిన కాయితం కావాలె. అవి లేకుండ సగంల ఉన్న కేసును ముట్టుకుంటే నేను గూడ గుడ్డిగ చేసినట్టే. ఇయ్యాల్నే అడుగుండ్రి, మల్ల నెలదాంక ఆయన దొరకడు."

కోరుట్ల బస్సు కోసం తండ్రీబిడ్డలు ఉరికారు. దిగేసరికి అయిదు దాటింది. డాక్టరు ఆరింటికి కారెక్కుతాడు. హాలు నిండా ఇంకా మనుషులు. చంద్రయ్య ఎవరినీ అడగకుండా అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లి స్కాన్ బొమ్మను బల్ల మీద పెట్టాడు. వెనకే కళ్యాణి నిలబడింది.

"సార్, బొక్క మంచిగున్నది. స్క్రూ వేరుకు తలిగింది. మా కాయితాలు మాకిస్తే జగిత్యాలల జేయించుకుంటం."

డాక్టరు బొమ్మను వెలుగులోకి ఎత్తి చూశాడు. చూడగానే అర్థమైంది అతనికి, దాచుకోలేకపోయాడు. అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"సాంచల మేస్త్రీవి, నాకు దవడ చూపిస్తున్నావా?" అంటూ ఇంగ్లీషులో నాలుగు వరుసలు బరబరా రాసి విసిరాడు. "తీసుకో. పో."

కళ్యాణి ఆ కాగితం అందుకుని చదివింది. "పేషెంటు నిర్లక్ష్యం వల్ల మూడుసార్లు ఫెయిలైంది. పేషెంటు స్వయంగ ఒప్పుకొని సంతకం పెట్టింది. గిట్ల రాసిండు బాపు."

అప్పుడు లేచింది చంద్రయ్య నోరు. మూడు నెలలు ఆలస్యంగా లేచింది, అందుకే రెండింతలు లేచింది. తలుపు బార్లా తెరిచే ఉంది, హాలంతా వింటోంది.

"సార్, నేను సాంచల మేస్త్రీనే. ముప్పై ఏండ్లసంది బోల్టులు బిగిస్తున్న. నేను బిగిచ్చిన బోల్టు ఊడితే మొదలు నా పానను సూసుకుంట, సాంచ నడిపెటోన్ని సంతకం అడుగ. పోరి నొప్పి లేస్తుందని మీకు జెప్పింది. మీరు ఇన్నరా? కుడిది నిలవడ్డది, ఎడమది ఊడింది, ఎందుకని ఒక్కసారి అనుకున్నరా? పోయిన రంధ్రంల పాత స్క్రూ దిప్పి, గుంజి కట్టి, కారెక్కి పోయిండ్రు. ఊడితే తోమలే అన్నరు. మల్ల ఊడితే నాలుక అన్నరు. ఇంకోసారి ఊడితే బొక్క అన్నరు. ఇంకోపారి ఊడితే మా తాతను అంటరా?"

"అరవకు. బయట పేషెంట్లున్నారు."

"ఉండనీ. వాళ్లు గూడ ఇనాలె."

బయట వాళ్లు నిజంగానే విన్నారు. మల్లాపూర్ నుంచి వచ్చిన ముత్తమ్మ అనే ఆమె, కూతురి చెయ్యి పట్టుకుని తలుపు దాకా వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. ఆకు కత్తిరించి కత్తిరించి బొటనవేలు కాయ కాసింది.

"మా పొల్లది గూడ ఊడింది సార్. బీడీల దుమ్ముకు ఊడిందని అన్నరు గద మీరు. నేను నెల రోజులసంది బీడీల చాట ముట్టలే, బిడ్డ నోరు కరాబైతదని. మా పొల్లకు గూడ గీ బొమ్మ దీస్తే ఏం దెలుస్తదో దీయుండ్రి. దుమ్మే అయితే మానేస్త. కాకపోతే నా నెల రోజుల కూలి ఎవలిస్తరు?"

ఇంకో ఇద్దరు లేచి నిలబడ్డారు. డాక్టరు గడియారం చూశాడు, తలుపు చూశాడు. తలుపు నిండా మనుషులే. కుర్చీ ముందుకు లాక్కుని కొత్త కాగితం తీశాడు. తేదీలు రాశాడు, స్క్రూ కొలత రాశాడు, ఎడమ స్క్రూ వేరుకు ఆనినట్టు స్కాన్‌లో కనబడుతోందని రాశాడు. కళ్యాణి ఒక్కో వరుసా చదివి సరే అన్నాకే చంద్రయ్య అందుకున్నాడు. ఎక్స్‌రేలు కవర్లో పెట్టించాడు.

"ఇంగ పిల్ల సంతకం పెట్టిన కాయితం గూడ ఇయ్యుండ్రి."

"అది మా రికార్డు, ఇవ్వను" అన్నాడు డాక్టరు.

"అయితె కొట్టేయుండ్రి."

డాక్టరు ఆ కాగితం బయటికి తీసి, పిల్ల తప్పని రాసిన వరుసల మీద అడ్డంగా గీత గీసి, పక్కన పొడి సంతకం పెట్టాడు. సారీ అనలేదు. అంటాడని ఎవరూ అనుకోలేదు కూడా.

చంద్రయ్య హాల్లోకి వచ్చాడు. గెలిచినవాడిలా రావలసింది. కాళ్లు మాత్రం జనం కూర్చునే నీలం కుర్చీల దగ్గరే ఆగిపోయాయి. ఇక్కడే, ఇలాగే జనం చూస్తుండగానే, ఒట్టు వేసిన పిల్లతో అబద్ధం ఒప్పించాడు. డాక్టరుకు కళ్యాణి ఎవరు? నెలకోసారి తెరుచుకునే నోరు. తనకు? డాక్టరు చేసింది చేతి తప్పు. తను చేసింది అంతకన్నా పాడు పని.

"బిడ్డా" అన్నాడు, అందరికీ వినబడేటట్టే. "గా దినం నువ్వు నిజమే జెప్పినవ్. నేను ఇనలే. నాదే తప్పు."

కళ్యాణి తండ్రి వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ కరిగిపోలేదు ఆ పిల్ల. బ్యాగు తెరిచి, స్క్రూ చుట్టిన కాగితం విప్పి, స్క్రూను జాగ్రత్తగా పర్సులో వేసుకుంది. ఆ ఖాళీ కాగితాన్ని మోకాలి మీద చాపుగా చేసి, పెన్నుతో పాటు తండ్రి చేతికిచ్చింది.

"రాసియ్యి బాపు."

చంద్రయ్య నవ్వబోయాడు. పిల్ల నవ్వలేదు. కౌంటరు మీద కాగితం పెట్టుకుని, గ్రీసు మరకల వేళ్లతో వంకరటింకరగా రాశాడు. నా బిడ్డ తప్పు లేదు, తప్పు నాది. కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

కళ్యాణి మొత్తం చదివి మళ్లీ వెనక్కి ఇచ్చింది.

"తారీఖు గూడ వెయ్యి. గా దినంది."

చంద్రయ్యకు ఆ తారీఖు గుర్తుంది. వేసి ఇచ్చాడు.